సంతకం మీద రాయను

మా పెద్దమ్మ ముప్పైనాలుగేళ్ళు మ్యూజియంలో పనిచేసింది. అద్దాల బీరువాల ముందు జనం నిలబడి చూసే పై హాళ్ళలో కాదు. మెట్లు దిగి ఇనుప తలుపు తోసుకుని వెళితే వచ్చే స్టోరులో. తవ్వకాల్లో దొరికిన సామానులో వందకు తొంభై వంతులు అక్కడే పడి ఉంటాయి. వాటిలో ముప్పాతిక భాగం కుండ పెంకులు. అందుకని మ్యూజియంలో ఆవిడను పెంకులావిడ అనేవాళ్ళు. ఎదురుపడితే ఆ పేరుకు 'గారు' తగిలించేవాళ్ళు, వెనకాల ఇంకేవేవో తగిలించేవాళ్ళు. ఆవిడకు నోరెక్కువ, పట్టు అంతకంటే ఎక్కువ.

నేను ఆవిడ చెల్లెలి కూతుర్ని. అదే ఊళ్ళో యూనివర్సిటీలో, పురాతత్వ విభాగం ఆఫీసులో టైపిస్టుని. ఇది నా కథ కాదు గానీ ఇందులో ఒక తప్పు నా చేతుల మీదుగా జరిగింది. అది దాచిపెట్టి ఆవిడ గొప్పలు చెప్పుకోవడం నాకు ఇష్టం లేదు, అందుకని దాని వంతు వచ్చినప్పుడు అదీ చెబుతాను.

పెద్దమ్మ మొదట చేరింది పెంకులు కడిగే పనికి. మూడు తొట్లు, ఒక మెత్తటి బ్రష్షు, ఆరబెట్టే ట్రేలు. పదో తరగతి పాసైంది, చేతిరాత ముత్యాల్లా ఉంటుంది కాబట్టి రెండేళ్ళకు నంబర్లు రాసే బల్ల దగ్గరికి మార్చారు. ప్రతి పెంకు మీదా సన్నగా తెల్ల రంగు పూయాలి. అది ఆరాక నల్ల సిరాతో నంబరు రాయాలి. పైన వార్నిష్ వేయాలి. ఆ నంబరు పైకి కనబడకూడదు, చెరిగిపోకూడదు. పిడి ఉన్న కూజాల పెంకులకైతే పిడి మొదట్లో ఒక చిన్న గుంట ఉంటుంది, అక్కడ రాయమని స్టోరు పుస్తకంలోనే ఉంది. గుంటలో వేసిన నంబరు దేనికీ ఒరుసుకుని చెరిగిపోదు కదా. ఆవిడ కంటే ముందు ఇరవై ఏళ్ళపాటు ఆ బల్ల దగ్గర కూర్చున్నవాళ్ళంతా అక్కడే రాశారు. అలా రాసినవి వేలకు వేలు ఉన్నాయి.

ఆ బల్ల దగ్గర మూడో రోజున పెంకు జారిపోతుంటే ఆవిడ బొటనవేలు ఆ గుంటలో పెట్టి పట్టుకుంది. కొలిచి చేసినట్టు సరిపోయింది. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూస్తే గుంట నిండా సన్నటి గీతలు, సుడి తిరిగి ఉన్నాయి. కుండ చేసిన మనిషి పిడి ఊడిపోకుండా దాని మొదలును బొటనవేలితో గట్టిగా నొక్కాడన్నమాట. ఆ మట్టి అలాగే కాలింది, ఆ వేలు అలాగే ఉండిపోయింది. ఇన్నేళ్ళుగా అందరూ దాని మీదే తెల్ల రంగు పూస్తున్నారు.

ఇంకొకరైతే అరే అనుకుని మళ్ళీ కుంచె పట్టుకునేవాళ్ళే. ఆవిడ పట్టుకోలేకపోవడానికి మా అమ్మమ్మ కారణం. అమ్మమ్మ ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఉతికేది. అక్షరం ముక్క రాదు. రోజూ పొద్దున హాజరు పుస్తకంలో వేలిముద్ర వేసేది. అక్కడి గుమాస్తా ఆ ముద్ర ఆరకముందే దాని మీద అడ్డంగా పేరు గీకేవాడు, పక్కన బోలెడు ఖాళీ ఉన్నా సరే. సెలవుల్లో తల్లి వెంట వెళ్ళిన పెద్దమ్మ, అప్పటికి ఎనిమిదేళ్ళది, మా అమ్మ సంతకం మీద ఎందుకు రాస్తున్నావని ఆయన్ను అడిగింది. వేలిముద్రగాళ్ళకు సంతకమేమిటే అని ఆయన నవ్వాడు. అమ్మమ్మ వేలి సిరా కొంగుకు తుడుచుకుని పనిలోకి వెళ్ళిపోయింది. ఆ నవ్వును పెద్దమ్మ ఎన్నడూ మర్చిపోలేదు. ఇది నా చిన్నప్పటినుంచి ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు.

కాబట్టి ఆవిడ ఆ గుంటను వదిలేసి, రెండు వేళ్ళ దూరంలో నంబరు రాయడం మొదలుపెట్టింది. అదే చేతిరాత, అదే సిరా. ఏడు నెలలు ఎవరూ చూడలేదు. పదకొండు డ్రాయర్లు నిండాక అప్పటి స్టోరు అధికారి తనిఖీకి వచ్చి, ఒక్కో డ్రాయరూ లాగి చూసి, ఒంటికాలి మీద లేచాడు.

"నీకు చెప్పిన చోట రాయడానికి ఏమొచ్చింది?" అన్నాడు.

"అక్కడ ముందే ఒకళ్ళు సంతకం పెట్టారండి" అంది పెద్దమ్మ.

మొత్తం చెరిపి మళ్ళీ గుంటలో రాయమన్నాడు. రాయనంది. మెమో ఇచ్చాడు. ఆదేశాల ఉల్లంఘన, మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వవలెను అని. ఆవిడ ఆ సాయంత్రమే నాలుగు ముక్కలు రాసి ఇచ్చేసింది. ఫలితంగా పద్నాలుగు నెలలు గేటు దగ్గర టిక్కెట్లు చింపింది. ఈలోగా స్టోరులో ఎవరికీ ఏదీ దొరక్క తలలు పట్టుకుని ఆవిడనే మళ్ళీ కిందికి పిలిచారు. పిడి పెంకులకు నంబర్లు రాయడం అప్పటికే వేరేవాళ్ళు ముగించేశారు. ఆ అధికారి బదిలీ అయ్యాడు. పదకొండు డ్రాయర్లనూ చెరిపి రాసే ఓపిక తర్వాత వచ్చినవాళ్ళకు లేకపోయింది. మెమో మాత్రం ఆవిడ ఫైల్లోనే కూర్చుంది. ప్రమోషన్ వంతు వచ్చినప్పుడల్లా అది లేచి అడ్డం నిలబడేది. ఆవిడ దగ్గర పని నేర్చుకున్నవాళ్ళు సూపరింటెండెంట్లయ్యారు. ఆవిడ స్టోరంతా ఒంటిచేత్తో నడుపుతూ కాగితాల మీద అటెండరుగానే మిగిలింది.

అయినా ఆవిడేమీ ముఖం వేలాడేసుకుని కూర్చోలేదు. ఆ పదకొండు డ్రాయర్లను తన పద్ధతిలో సర్దుకుంది. తవ్విన చోటును బట్టి కాదు, వేలిని బట్టి. ఒకే వేలి ముద్రలున్నవన్నీ ఒకచోట. వాళ్ళకు పేర్లు కూడా పెట్టింది. వేలి మీద అడ్డంగా గాటు ఉన్న మనిషి గాటువేలు. పిడిని అటునుంచి నొక్కినాయన ఎడమచేతాయన. అన్నిటికంటే చిన్న వేలు, గీతలు దగ్గరదగ్గరగా ఉన్నదాని పేరు చిన్నది. ఇంటికొచ్చి కూడా "ఇవాళ గాటువేలివి ఇంకో రెండు దొరికాయి" అని చెబుతుంటే, చుట్టాల కబుర్లేమో అనుకునేదాన్ని నేను.

తర్వాత ఎన్నో ఏళ్ళకు మా యూనివర్సిటీకీ ఆ మ్యూజియానికీ ఒప్పందం కుదిరింది. ఆ కాగితాలు నేనే టైపు చేశాను. ఇరవై పేజీల్లో ఉన్న విషయం ఒక్క ముక్కలో చెప్పాలంటే, సామాను వాళ్ళది, చదువు మాది. ప్రతి బుధవారం మా విద్యార్థులకు స్టోరులోనే క్లాసు. మా ప్రొఫెసరమ్మ పరిశోధనకు స్టోరులోని పెంకులు. ప్రొఫెసరమ్మ మంచి మనిషే. కిందికి మనుషుల్ని పంపి పైన కూర్చునే రకం కాదు, తనే మెట్లు దిగి స్టూలు మీద కూర్చునేది. ఆవిడ వెతుకుతున్నది సరిగ్గా ఆ వేలిముద్రలనే. గీతల మధ్య దూరాన్ని కొలిస్తే ఆ వేలు పెద్దవాళ్ళదా పిల్లలదా, మగవాళ్ళదా ఆడవాళ్ళదా అన్నది చాలావరకు తెలుస్తుందట. ఆ కుండలు మగవాళ్ళే చేశారని పుస్తకాల్లో రాసి పెట్టారు, అది నిజమో కాదో తేల్చాలని ఆవిడ పట్టుదల.

ముందుగా పాత డ్రాయర్లు తీసి, మందులో దూది ముంచి రంగు తుడిచి చూసింది. రంగుతోపాటు మట్టి పైపొర కూడా లేచొచ్చింది, గీతలు పోయాయి. నాలుగు పెంకులు పాడయ్యాక ఆపేసి తల పట్టుకుని కూర్చుంటే, పెద్దమ్మ వెళ్ళి చివరి వరసలోంచి ఒక డ్రాయరు లాగింది. ప్రొఫెసరమ్మ భూతద్దం పట్టుకుని సాయంత్రం దాకా ఆ డ్రాయరు దగ్గర్నుంచి లేవలేదట.

బుధవారం క్లాసుల్లో సగం పాఠం పెద్దమ్మే చెప్పేది. విద్యార్థులు గ్లౌజులు వేసుకుని బిక్కుబిక్కుమంటూ పెంకుల్ని పట్టుకుంటే, అవి తీసేసి చేతులు సబ్బుతో కడుక్కుని రమ్మనేది. ముప్పై పెంకులు కలిపేసి, ఎవరివి ఎవరివో విడదీయమనేది. ఒకరోజు నేను ఏవో కాగితాలు ఇవ్వడానికి వెళ్ళేసరికి ఒక పిడి చేతిలో పట్టుకుని చూపిస్తోంది. దాని మీద రెండు ముద్రలున్నాయి. చిన్నది నొక్కిన దాని పక్కనే గాటువేలు నొక్కింది. చిన్నదాని బలం చాలలేదు, పెద్ద చెయ్యి వచ్చి సరిచేసింది, పని నేర్పిస్తున్నారు అని చెప్పింది పెద్దమ్మ. ఆ తర్వాత అందరి ముఖాల్లోకీ చూసి అంది:

"దాని మీద నొక్కలేదు చూశారా. పక్కన నొక్కింది."

రెండేళ్ళ తర్వాత ప్రొఫెసరమ్మ వ్యాసం రాయడం పూర్తయింది. ఆ కుండలు చేసినవాళ్ళలో చిన్నపిల్లలు కూడా ఉన్నారని, సగం మందికి పైగా ఆడవాళ్ళే కావచ్చని అందులో తేల్చింది. చేతిరాత కాగితాలు నా బల్ల మీదికి వచ్చాయి. మూడో పేజీలో ఇలా ఉంది: 'సిబ్బంది పొరపాటు వల్ల పదకొండు డ్రాయర్లలోని పెంకులపై నంబర్లు నిర్దేశిత స్థానంలో కాక పక్కన పడ్డాయి. అదృష్టవశాత్తూ ఆ విధంగా ఈ ముద్రలు మిగిలాయి.'

నేను దాన్ని టైపు చేసేశాను. నా వేళ్ళు ఎక్కడా ఆగలేదు. పుట్టి బుద్ధెరిగిన నాటినుంచి ఆ కథ విన్నదాన్ని, ఆ రెండు వాక్యాలూ టైపు కొట్టి, పేజీ తిప్పి, భోజనానికి వెళ్ళాను. టైపు చేసేవాళ్ళు అర్థం చదవరు, అక్షరాలు చదువుతారు. అది నిజమే గానీ సాకు కాదు. మధ్యాహ్నం తప్పులు దిద్దుతుంటే అప్పుడు కళ్ళకు తగిలింది. ఒళ్ళు మండిపోయింది, ముందు నామీద, తర్వాత అందరి మీదా.

ప్రొఫెసరమ్మ గదిలోకి వెళ్ళి అడిగే ధైర్యం లేక ఆ సాయంత్రం పెద్దమ్మ దగ్గరికి పోయాను. ఆవిడ ట్రేలు తుడుస్తోంది. చెప్పాను. మళ్ళీ చదవమంది. చదివాను. మూడోసారి కూడా చదివించుకుని, తుడుస్తున్న ట్రే తుడవడం ముగించి, గుడ్డ ఆరేసింది.

"పొరపాటట" అంది.

అప్పటికి ఆవిడ రిటైరవడానికి మూడు వారాలుంది. ఆ వ్యాసంతోపాటు ఒక ధ్రువపత్రం పంపాలి. ఈ పెంకులు స్టోరుకు వచ్చినప్పటినుంచి ఎవరి చేతుల్లో ఉన్నాయి, వాటికి ఏమేం జరిగింది అని. అన్నాళ్ళుగా అక్కడున్నది పెద్దమ్మ ఒక్కతే కాబట్టి ఆవిడే సంతకం పెట్టాలి. అది లేకపోతే ఆ ముద్రలు పాతవో, నిన్న ఎవరో నొక్కినవో అని పత్రికవాళ్ళు అనుమానిస్తారట. ఆ పత్రాన్ని మ్యూజియం క్యూరేటర్ గారే తయారు చేయించారు. ప్రొఫెసరమ్మ ఆ 'పొరపాటు' వాక్యం తెచ్చుకున్నదీ ఆయన ఇచ్చిన వివరాల్లోంచే.

ఆ రోజు క్యూరేటర్ గదిలో ఆయన, ప్రొఫెసరమ్మ, పెద్దమ్మ, ఫైలు మోసుకొచ్చిన నేను. కూర్చోమంటే పెద్దమ్మ కూర్చోలేదు. నిలబడే మొత్తం చదివింది. ఇందులో పొరపాటు అన్న ఒక్క మాట తప్పు, అది తీసేస్తే పెడతానంది. క్యూరేటర్ గారు నవ్వి, ఇదంతా లాంఛనమని, అంత పట్టించుకోనక్కర్లేదని అన్నారు. ఆవిడ కలం కింద పెట్టేసింది. ఆయన గొంతు తగ్గించారు. ఆదేశం ధిక్కరించారు అని రాయడం కంటే పొరపాటు అనడమే మర్యాదగా ఉంటుందని, ఆవిడ మంచి కోరే అలా రాయించానని చెప్పారు. ఆ తర్వాత అసలు సంగతికొచ్చారు.

"ఆ మెమో ఇంకా మీ ఫైల్లోనే ఉందమ్మా. మీరు సంతకం పెట్టండి, నేను దాన్ని తీయించేస్తాను. శుభ్రమైన ఫైలుతో రిటైరవుతారు."

ఆ కాగితం ఆవిడను ఎంత తొక్కిపెట్టిందో మా ఇంట్లో అందరికీ తెలుసు. పెట్టెయ్యి పెద్దమ్మా అని లోపల్లోపల అనుకున్నాను కూడా, అబద్ధం ఎందుకు చెప్పాలి. ఆవిడ బల్ల మీది కాగితాన్ని ఆయన వైపు తిప్పి జరిపింది.

"ఆ మెమో తీసేస్తే, నేను నిజంగానే పొరపాటు చేసినదాన్నవుతానండి" అంది. "దాన్ని ముట్టుకోకండి."

ఏం మెమో అని ప్రొఫెసరమ్మ అడిగింది. ఆవిడకు ఆ సంగతే తెలియదు. క్యూరేటర్ గారు బల్ల మీది కాగితాలు సర్దసాగారు. పెద్దమ్మే రెండు ముక్కల్లో చెప్పింది. ప్రొఫెసరమ్మ ముఖం పాలిపోయింది గానీ చదువుకున్నవాళ్ళ అలవాటు పోదు కదా. మీ మాట నేను నమ్ముతాను, కానీ ముప్పై ఏళ్ళ కింద కావాలనే చేశానని మీరిప్పుడు చెబితే వ్యాసంలో అది చెల్లదు, ఆనాటి ఆధారం కావాలి అంది.

"ఆ మెమోయే ఆధారం. దాని మీద తేదీ ఉంది, కింద నా సంజాయిషీ ఉంది. తెప్పించండి."

సర్వీసు ఫైళ్ళు బయటివాళ్ళకు ఇవ్వకూడదని క్యూరేటర్ గారు అడ్డుపడ్డారు. ఇవ్వకూడదన్నది నిజమే, కానీ ఆయన బాధ అది కాదు. వేల ముద్రల మీద రంగు పూసింది తమ మ్యూజియమేనని, వద్దన్న మనిషిని గేటు దగ్గర నిలబెట్టింది కూడా తమ మ్యూజియమేనని ఊరంతా చదువుతుందని ఆయన బాధ. నా ఫైలు నేను చూసుకోవచ్చు కదా అంది పెద్దమ్మ. నా దగ్గర తెల్ల కాగితం అడిగి తీసుకుని, అక్కడే నిలబడి అర్జీ రాసి, ఆయన చేతిలో పెట్టి, కిందికి దిగిపోయింది.

తొమ్మిది రోజులు ఫైలు రాలేదు. వెతుకుతున్నాం అనేవాళ్ళు. ఈలోగా పత్రికవాళ్ళ గడువు దగ్గరపడింది. ప్రొఫెసరమ్మ రెండుసార్లు ఫోన్ చేసింది. ఆ ముద్రల సంగతి లోకానికి తెలియకుండా పోతుంది, దానికి మీరే కారణమవుతారు అని కూడా అంది పాపం, విసుగులో. పెద్దమ్మ చెవిన పెట్టలేదు. ఇన్నేళ్ళు ఓర్చుకుంది, ఇంకో పది రోజులు ఓర్చుకుంటే ఏం పోయిందని మా అమ్మ గొణిగింది. ఓర్చుకున్నానని నీకెవరు చెప్పారే అని పెద్దమ్మ చెల్లెల్ని కసిరింది. రోజూ పొద్దున సరిగ్గా పది గంటలకు పై అంతస్తుకు ఎక్కి, గుమాస్తా ముందు నిలబడి, నా ఫైలు అని అడిగి, మళ్ళీ దిగిపోయేది. మోకాళ్ళు నొప్పులు పెడుతున్నా ఒక్కరోజు మానలేదు.

పదో రోజున గుమాస్తా ఆవిడ మొహం చూడలేక ఫైలు తీసి ఇచ్చేశాడు. ఆ రోజు బుధవారం. క్లాసు అయ్యాక విద్యార్థులు వెళ్ళిపోయారు. ఆవిడ ఫైలు తెరిచి, పసుపు పచ్చబడిన కాగితాన్ని ప్రొఫెసరమ్మ ముందు పెట్టింది. నేనూ అప్పుడే మొదటిసారి దాన్ని చూశాను. ముత్యాల్లాంటి అక్షరాలు.

'పిడి మొదట్లో ఉన్న గుంట ఆ కుండ చేసిన మనిషి వేలిముద్ర. అది వారి సంతకం. నేను సంతకం మీద రాయను. పక్కన తెలిసే రాశాను, పొరపాటున కాదు.'

ప్రొఫెసరమ్మ దాన్ని రెండుసార్లు చదివింది. ఆ ముద్రలను గుర్తించి ఒక మనిషి మొదటిసారి రాసిపెట్టిన తేదీ ఆ కాగితం మీద ఉంది. ప్రొఫెసరమ్మ ఇంకా బడిలో చదువుకుంటున్న రోజుల నాటి తేదీ అది. రెండేళ్ళనుంచి రోజూ కలిసి పనిచేస్తున్నాం, నాతో ఒక్కమాట ఎందుకు చెప్పలేదని అడిగింది.

"మీరు పెంకుల గురించి అడిగారు, చెప్పాను. నా గురించి అడగలేదు" అంది పెద్దమ్మ.

మర్నాడు ప్రొఫెసరమ్మ నా బల్ల దగ్గరికే వచ్చి, నిలబడి చెబుతుంటే నేను టైపు చేశాను. ఈసారి ఒక్కో మాట చదువుకుంటూ కొట్టాను. 'ఈ ముద్రలు మిగలడం యాదృచ్ఛికం కాదు. నంబర్లు రాసిన ఉద్యోగి వీటిని సంతకాలుగా గుర్తించి, శిక్షకు సిద్ధపడి, వీటిపై రాయడానికి నిరాకరించారు.' దాని కింద ఆధారంగా సంజాయిషీ తేదీ, మెమో నంబరు, పెద్దమ్మ పూర్తి పేరు, హోదా: అటెండరు. హోదా తీసేయమంటారా అని అడిగాను. ఉండనీ, చదివేవాళ్ళకు తెలియాలి అంది ప్రొఫెసరమ్మ. ఆ మాటతో ఆవిడ మీద నా కోపం సగం పోయింది. మిగతా సగం ఇంకా ఉంది.

పెద్దమ్మ ఆఖరి రోజున కొత్త ధ్రువపత్రం సిద్ధమైంది. మళ్ళీ అదే గది. క్యూరేటర్ గారు ముఖం మాడ్చుకుని కాగితం ముందుకు జరిపారు. ఆవిడ ఈసారి కూర్చుని, మొదటినుంచి చివరిదాకా చదివి, తన పేరంతా పొల్లు పోకుండా రాసింది. గుమాస్తా మ్యూజియం గుండ్రటి ముద్ర తీసుకుని, సిరా అద్ది, ఎప్పుడూ వేసినట్టే సంతకం మీదికి తెచ్చాడు. ఆవిడ సంతకాన్ని అరచేత్తో కప్పేసింది.

"పక్కన వెయ్యండి."

"సంతకం మీద పడితేనే చెల్లుతుందండీ, అది రూలు" అన్నాడు గుమాస్తా.

"ఆ రూలు నాకు తెలుసు. పక్కన చోటుంది."

గుమాస్తా క్యూరేటర్ గారి వంక చూశాడు. ఆయన ప్రొఫెసరమ్మ వంక చూశారు. ప్రొఫెసరమ్మ పెద్దమ్మ చేతి వంక చూస్తోంది. గుమాస్తా చెయ్యి రెండు వేళ్ళ దూరం జరిపి, అక్కడ నొక్కాడు. అప్పుడు పెద్దమ్మ తన సంతకం మీదినుంచి చెయ్యి తీసింది.